వర్ధమాన క్రికెటర్ల అభిమానము

వర్ధమాన క్రికెటర్ల అభిమానమనగా, జగత్ప్రసిద్ధులైన జాతీయ ఆటగాండ్రతో తృప్తి చెందక, అండర్-16, అండర్-19, అండర్-23 పోటీలలో ఇంకను పరీక్షలకు లోనగుచున్న బాలబాలికలను పేరుపేరున ఎరిగి, వారి పరుగులను, వికెట్లను ఏటేట గమనించుచు, వారి అభ్యుదయమును తమ ఊరి అభ్యుదయముగా భావించు క్రీడాసక్తి. అమెరికాలో బేస్‌బాల్ ప్రియులు మైనర్ లీగు ఆటగాండ్రయెడ చూపు మక్కువ దీనికి సమీపమైనది. అచ్చట సెయింట్ లూయిస్ కార్డినల్స్ అను పెద్ద జట్టు నిర్వాహకుడైన బ్రాంచ్ రికీ 1920 దశకమున, చిన్న జట్లను చేపట్టి వానియందే ఆటగాండ్రను పెంచుకొను పద్ధతిని స్థిరపరచెను. 2021 నుండి 30 పెద్ద జట్లకు 120 అనుబంధ జట్లు, నాలుగేసి చొప్పున, నాలుగు అంతరువులలో అమరియున్నవి. భారతదేశమున వర్ధమాన ఆటగాడు పెద్ద జట్టు సొత్తు గాడు. ప్రాంతీయ సంఘమునకు చెందినవాడు. కావున ఈ అభిమానము ఇచ్చట జిల్లాతోను, ఊరితోను ముడివడియుండును.

సోపానక్రమము: బాలురకు మొదటి మెట్టు అండర్-16 విజయ్ మర్చంట్ ట్రోఫీ, రెండవది అండర్-19 కూచ్ బిహార్ ట్రోఫీ, మూడవది అండర్-23 ఆటగాండ్రకు నిర్ణయింపబడిన కర్నల్ సి. కె. నాయుడు ట్రోఫీ. 1895లో నాగపూరునందలి తెలుగు కుటుంబమున జన్మించి, 1932లో లార్డ్స్ మైదానమున భారతదేశపు తొలి టెస్టు జట్టునకు నాయకత్వము వహించిన మహనీయుని పేర యువకుల పోటీ వెలయుట తెలుగువారికి గర్వకారణము. వీనిని దాటినవానికి రంజీ జట్టు, ఐపీఎల్, భారత జట్టు క్రమముగా గోచరించును. తెలంగాణ ఆటగాండ్రు హైదరాబాదు పక్షమున, ఆంధ్రులు ఆంధ్ర జట్టు పక్షమున ఆడుదురు.

ఇల్లందు, భద్రాచలము: 1889లో బొగ్గు తవ్వకము ఆరంభమై సింగరేణి గనులకు పుట్టినిల్లయిన ఇల్లందు, గోదావరీతీరస్థమైన భద్రాచలము, ఈనాడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోనివి. గని కార్మికుల కాలనీలకును అడవి పల్లెలకును నెలవైన ఈ సీమలోని బిడ్డ ఇట్టి మెట్లలో మొదటిదానిపై కాలూనవలెనన్నను, ఎంపికలకు, లీగు పోటీలకు, ఉన్నత శిక్షణకు హైదరాబాదు చేరవలసియున్నది. ఈ దూరమును జయించినవారిలో అగ్రగణ్య గొంగడి త్రిష. 2005 డిసెంబరు 15న భద్రాచలమున జన్మించిన ఈమె, కుమార్తె శిక్షణార్థమై కుటుంబము సికింద్రాబాదునకు తరలిరాగా, అచ్చట సాధన సాగించెను. 2023లో దక్షిణాఫ్రికాయందు జరిగిన ప్రథమ అండర్-19 మహిళా ప్రపంచ కప్పును గెలిచిన జట్టులో నుండి, ఇంగ్లండుతో తుదిపోరున 24 పరుగులు చేసెను. 2025లో మలేషియాయందు జరిగిన అదే ప్రపంచ కప్పున స్కాట్లండుపై 59 బంతులలో 110 పరుగులు చేసి అజేయయై నిలిచి, ఆ పోటీ చరిత్రలో తొలి శతకము సాధించెను. ఫిబ్రవరి 2న కౌలాలంపూరులో దక్షిణాఫ్రికాతో జరిగిన తుదిపోరున లెగ్ స్పిన్‌తో 15 పరుగులకు 3 వికెట్లు తీసి, పిదప 44 పరుగులతో అజేయయై, భారతదేశమునకు తొమ్మిది వికెట్ల విజయమును సమకూర్చెను. మొత్తము 309 పరుగులు, 7 వికెట్లతో ఆ పోటీకే ఉత్తమ క్రీడాకారిణిగా ఎన్నికయ్యెను. అంతదనుక స్కోరుకార్డులలో ఆమె పేరును వెదకికొన్న స్వల్పసంఖ్యాకుల ఆనందము ఆనాడు సర్వజనుల ఆనందమయ్యెను.

అనిశ్చితి, సహనము: అంకురములన్నియు వృక్షములు గావు. 2012 అండర్-19 ప్రపంచ కప్పు తుదిపోరున అజేయ శతకముతో జట్టును గెలిపించిన నాయకుడు ఉన్ముక్త్ చంద్‌కు భారత సీనియర్ జట్టులో స్థానము లభింపలేదు. గుంటూరున జన్మించిన అంబటి రాయుడు 2002లో, పదునేడేండ్ల ప్రాయమున, హైదరాబాదు పక్షమున ఆంధ్ర జట్టుపై ఒకే రంజీ పోటీలో ద్విశతకమును, శతకమును సాధించి, 2004లో అండర్-19 భారత జట్టునకు నాయకుడై యుండియు, సీనియర్ జట్టులో తొలి వన్డే ఆడుటకు 2013 వరకు వేచియుండవలసివచ్చెను. తిలక్ వర్మయో, 2020 అండర్-19 ప్రపంచ కప్పు నాడిన మూడేండ్లకే భారత టీ20 జట్టులో ప్రవేశించెను. ఇట్లు కాలగతులు భిన్నములు గావున, నిజమైన అభిమాని తొందరపడి కీర్తింపడు, ఒక్క వైఫల్యముతో విడనాడడు. పరుగుల మొత్తమునేగాక, అవి ఎట్టి పిచ్‌పై, ఎట్టి బౌలింగుపై వచ్చినవో విచారించును.

ప్రయోజనము: ఈ అభిమానము కేవల వినోదము గాదు. ప్రేక్షకులు లేని మైదానమున ఆడు బాలికకు తన ఆటను గమనించువారు గలరన్న ఎరుకయే గొప్ప బలము. త్రిష విజయమును కొనియాడువారు, దానికై ఒక కుటుంబము సొంత ఊరు విడువవలసివచ్చినదను సత్యమును గూడ స్మరించినచో, వారి హర్షము ఇల్లందునకు, భద్రాచలమునకు శిక్షకులను, మంచి పిచ్‌లను, క్రమము తప్పని జిల్లా లీగులను కోరు ప్రజాభిప్రాయముగా పరిణమించును. విజేతను సత్కరించుట సులభము. విజేత కాకముందే ఆమెకు తన ఊరిలోనే సాధన సౌకర్యము కల్పింప యత్నించుట ఈ అభిమానమునకు పరమార్థము.