మానుకోట మిర్చి, భూపాలపల్లి బొగ్గు, డిగ్రీ పాఠం

అర్థశాస్త్రం చదివే డిగ్రీ విద్యార్థికి మొదట్లోనే ఎదురయ్యే మాట 'ఎలాస్టిసిటీ'. తెలుగు పాఠ్యపుస్తకం దానికి 'వ్యాకోచత్వం' అని పేరు పెట్టింది. మానుకోట అని పిలుచుకునే మహబూబాబాద్ పక్క తండా నుంచి వచ్చిన అమ్మాయికి ఈ రెండు మాటల్లో ఏది దగ్గర? రెండూ దూరమే. ఇంట్లో ఆమె మాట లంబాడీల గోర్ బోలీ. బడిలో నేర్చింది తెలుగు. డిగ్రీ పరీక్ష రాయాల్సింది ఇంగ్లీషులో. అయినా మిర్చి ధర పడిపోయిన వారంలో కేసముద్రం మార్కెట్‌లో ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు. కోల్డ్ స్టోరేజీలో పెట్టుకొని నెలరోజులు ఆగగలిగిన రైతు ఎవరో, అప్పు తీర్చడానికి ఆ రోజే అమ్ముకొని పోవాల్సిన రైతు ఎవరో కూడా తెలుసు. ధర మారితే సరఫరా ఎంత మారుతుంది, ఎందుకు మారదు అన్న పాఠం ఆమె ఇంట్లో ఏటా నడుస్తూనే ఉంది. తరగతిలో మాత్రం ఆమె 'వెనుకబడిన' విద్యార్థిగా లెక్కకు వస్తుంది.

బోధన, అందరినీ కలుపుకొని పోవడం, ఉద్యోగానికి సిద్ధం చేయడం అనే మూడింటిని మన కళాశాలలు మూడు వేర్వేరు పనులుగా చూస్తున్నాయి. బోధన అధ్యాపకుడి పని, కలుపుకొని పోవడం స్కాలర్‌షిప్ సెక్షన్ పని, ఉద్యోగ శిక్షణ చివరి ఏడాదిలో బయటినుంచి వచ్చే శిక్షకుడి పని. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఈ విభజన పనిచేయదన్నది ఈ వ్యాసంలోని వాదన. అక్కడ తరగతి గదిలో వాడే భాష, కళాశాల పాటించే క్యాలెండరు, ఉద్యోగాల జోన్ల పటం కలిసి ఒక విద్యార్థి ఎంతవరకు పోగలదో తేలుస్తున్నాయి. జనగణన, అఖిల భారత ఉన్నత విద్య సర్వే, రాష్ట్రపతి ఉత్తర్వు, సంబంధిత చట్టాలు ఈ పరిశీలనకు ఆధారం.

ఒక ఉమ్మడి జిల్లా, ఒక విశ్వవిద్యాలయం

2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో ఈ మూడు జిల్లాలూ ఏర్పడ్డాయి. వీటిలో అత్యధిక భాగం పాత వరంగల్ జిల్లాదే. బయ్యారం, గార్ల వంటి మండలాలు ఖమ్మం నుంచి మహబూబాబాద్‌లోకి, మహదేవపూర్ వైపు మండలాలు కరీంనగర్ నుంచి భూపాలపల్లిలోకి వచ్చాయి. 1976లో వరంగల్‌లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయమే ఈ ప్రాంతపు డిగ్రీ కళాశాలలకు పెద్దదిక్కు. భూపాలపల్లి జిల్లాకు పేరైన ఆచార్య కొత్తపల్లి జయశంకర్ అదే విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారు. ప్రాంతానికి రావాల్సిన వాటా గురించి జీవితమంతా లెక్కలతో మాట్లాడిన అధ్యాపకుడి పేరు ఒక జిల్లాకు ఉన్నప్పుడు, ఆ జిల్లా కళాశాలలను కూడా అదే లెక్కతో అడగడం న్యాయం.

రాష్ట్ర సగటు చూస్తే సంతోషంగానే ఉంటుంది. 2021-22 సర్వే ప్రకారం ఉన్నత విద్యలో స్థూల నమోదు నిష్పత్తి దేశంలో 28.4 అయితే తెలంగాణలో 40. అదే సర్వేలో దేశవ్యాప్తంగా షెడ్యూల్డ్ తెగల నిష్పత్తి 21.2 మాత్రమే. మహబూబాబాద్ జిల్లా జనాభాలో షెడ్యూల్డ్ తెగలవారు మూడింట ఒక వంతుకు పైగా ఉన్నారు. 2011 జనగణన లెక్కల్లో ఈ జిల్లా అక్షరాస్యత దాదాపు 57 శాతం. అంటే ఇక్కడ డిగ్రీలో చేరుతున్నవారిలో చాలామంది ఇళ్లలో కళాశాల గడప తొక్కిన మొదటివారు. పరీక్ష ఫీజు గడువు ఎప్పుడు, బ్యాక్‌లాగ్ అంటే ఏమిటి, మైగ్రేషన్ సర్టిఫికెట్ ఎక్కడ ఇస్తారు అని ఇంట్లో అడిగితే చెప్పేవాళ్లు ఉండరు. రాష్ట్ర సగటు ఈ ఇంటిని చూపదు.

జాను తెనుగు గడ్డ మీద పాఠం

జనగామ జిల్లా పాలకుర్తి పాల్కురికి సోమనాథుడి ఊరు. పండితుల సంస్కృత మర్యాదను పక్కనపెట్టి, జనం నోట నడిచే జాను తెనుగులో, ద్విపదలో పెద్ద కావ్యం చెప్పవచ్చని ఆయన నిరూపించి ఏడు వందల ఏళ్లు దాటింది. వినేవాళ్లను కలుపుకొని పోవడానికి భాషనే మార్చుకోవడం ఈ నేలకు కొత్త కాదని గుర్తుచేయడానికే ఆయన్ను తలుస్తున్నాను. సోమనాథుడి ముందున్న ప్రశ్న మన అధ్యాపకుల ముందు ఇంకా అలాగే ఉంది.

ఉన్నత విద్యను తెలుగులోకి తేవడానికి 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది. దాని తొలి అధ్యక్షుడు పి.వి. నరసింహారావు కూడా ఈ ఓరుగల్లు నేల మీద, నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టినవారే. అకాడమీ పుస్తకాలు లేకపోతే రెండు మూడు తరాల గ్రామీణ విద్యార్థులు డిగ్రీ దాటేవాళ్లు కాదు. ఆ రుణం ఒప్పుకుంటూనే చెప్పాలి: వాటి పరిభాషలో ఎక్కువ భాగం సంస్కృతం. 'వ్యాకోచత్వం' జనగామ రైతుబిడ్డకు ఇంగ్లీషంత పరాయి మాటే. తెలుగు మాధ్యమమా, ఇంగ్లీషు మాధ్యమమా అన్న వాదులాటలో ఈ సంగతి మరుగున పడిపోయింది. పుస్తకం మాధ్యమం ఒకటి, అర్థమయ్యే మాట మరొకటి. ఈ రెండూ ఒకటే అనుకున్నంతకాలం మాధ్యమం ఎన్నిసార్లు మార్చినా తరగతిలో వెనక బెంచీ వెనకే ఉంటుంది.

తండా విద్యార్థి దగ్గర ఈ చిక్కు ఇంకో మెట్టు లోతుకు పోతుంది. 2011 జనగణనలో లమాణీ/లంబాడీ మాతృభాషగా చెప్పినవారు దేశంలో 32 లక్షలకు పైగా ఉన్నారు. అయితే జనగణన వాళ్లను హిందీ పద్దు కింద కలిపేసింది. లంబాడీలను తెలంగాణలో షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేర్చిన సవరణ చట్టం 1976 నాటిది. యాభై ఏళ్లు కావస్తున్నా వాళ్ల భాషకు డిగ్రీ తరగతిలో చోటు లేదు. గంగారం, కొత్తగూడ వైపు నుంచి వచ్చే కోయ విద్యార్థిదీ ఇదే స్థితి. పేర్లు పిలిచేటప్పుడు 'నాయక్', 'బాయి' అని గుర్తుపడతాం. నోరు విప్పినప్పుడు మాత్రం ఆ గుర్తింపు పనికిరాదు.

కోర్సు ఇంగ్లీషులో ఉన్నా విద్యార్థి స్థానిక భాషలో పరీక్ష రాయడానికి అవకాశం ఇవ్వాలని 2023 ఏప్రిల్‌లో యూజీసీ విశ్వవిద్యాలయాలను కోరింది. మంచి మాట. అయితే పరీక్ష చివరి మెట్టు. అంతకంటే ముందు గంట గంటకూ జరగాల్సింది ఒకటుంది. భావాన్ని ముందు విద్యార్థికి తెలిసిన సంగతితో, తెలిసిన మాటతో చెప్పాలి. పక్కనున్న స్నేహితురాలికి దాన్ని గోర్ బోలీలోనో కోయలోనో చెప్పమనాలి. ఆ తర్వాతే ఇంగ్లీషు పారిభాషిక పదాన్ని బోర్డు మీద రాయాలి. పదం ముందు, అర్థం తర్వాత అనే వరుస తిరగబడాలి. మిరప ఆకుముడత రాని చేను మహబూబాబాద్ జిల్లాలో అరుదు. వృక్షశాస్త్రంలో వైరస్ పాఠానికి అంతకంటే మంచి ప్రారంభం ఏముంటుంది? ఇంగ్లీషు వద్దని నేను అనడం లేదు. ఉద్యోగానికి అది కావాలి, విద్యార్థులే దాన్ని అడుగుతున్నారు. అర్థం కాకుండా కంఠస్థం చేసిన ఇంగ్లీషు ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోతుందని మాత్రం అంటున్నాను.

ఏరుడు కాలం, ఆఖరి బస్సు

హాజరు పట్టీని వ్యవసాయ క్యాలెండరు పక్కన పెట్టి చూసిన కళాశాలలు తక్కువ. పత్తి ఏరుడు అక్టోబరు నుంచి మొదలవుతుంది. అది బేసి సెమిస్టరు ముగింపు, పరీక్షల కాలం. మిర్చి ఏరుడు సంక్రాంతి దాటాక ఊపందుకుంటుంది. అది సరి సెమిస్టరు నడుమ. కూలి దొరికే ఆ కొన్ని వారాలు ఇంటి ఏడాది లెక్కను నిలబెడతాయి. డిగ్రీ చదివే కూతురు ఆ వారాల్లో చేనులో ఉంటుంది. పరీక్షకు, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు 75 శాతం హాజరు కావాలి. ఆమె గైర్హాజరును క్రమశిక్షణ లేకపోవడంగా రాసుకుంటున్నాం. అది పేదరికపు రుతువు. ల్యాబ్ తరగతులను ఏరుడు లేని వారాల్లోకి జరపడం, తప్పిన పాఠాలకు ముందే ప్రకటించిన ప్రత్యేక వారం పెట్టడం కళాశాల స్థాయిలోనే చేయగల పనులు. వీటికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు.

2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. తండా అమ్మాయి చదువులో టికెట్ ఖర్చు చిన్నది కాదు కాబట్టి ఇది పెద్ద ఊరట. ఇప్పుడు మిగిలిన ప్రశ్న బస్సు వేళ. చివరి పీరియడ్ అయ్యేసరికి ఊరికి పోయే ఆఖరి బస్సు వెళ్లిపోతే, ఆ పీరియడ్ ఆమెకు లేనట్టే. ఉద్యోగ శిక్షణ తరగతులను మనం ఎక్కువగా పెట్టేది సరిగ్గా ఆ వేళకే.

వికలాంగ విద్యార్థుల సంగతి ఇక్కడే చెప్పాలి. 2016 నాటి హక్కుల చట్టం ప్రభుత్వ, ప్రభుత్వ సహాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతానికి తగ్గకుండా సీట్లు కేటాయించమంది, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం. సీటు కాగితం మీద ఉన్నా కంప్యూటర్ ల్యాబ్ మేడ మీద ఉంటే, ర్యాంపు లేకపోతే, ఆ విద్యార్థికి అందిన కోర్సు సగమే.

కొలువు ఎక్కడుంది?

ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో ఉద్యోగ నైపుణ్యాల కోసం ఉమ్మడి రాష్ట్రంలో జవహర్ నాలెడ్జ్ సెంటర్లు మొదలయ్యాయి. తెలంగాణలో అవి టీఎస్‌కేసీలయ్యాయి. బయోడేటా రాయడం, బృంద చర్చ, ఇంగ్లీషు ఉచ్చారణ నేర్పుతారు. అవి అవసరమే. కానీ ఆ శిక్షణ చూపు ఎప్పుడూ హైదరాబాద్ వైపే ఉంటుంది. మూడు జిల్లాలూ హైదరాబాద్‌కు ఒకే దూరంలో లేవు. జనగామ సికింద్రాబాద్-కాజీపేట రైలు మార్గం మీద ఉంది, పొద్దున పోయి రాత్రికి తిరిగి రావచ్చు. మహబూబాబాద్ విజయవాడ మార్గం మీద ఉంది. భూపాలపల్లికి ప్రయాణికుల రైలే లేదు.

భూపాలపల్లికి ఉన్నది బొగ్గు. సింగరేణి కాకతీయ ఖని గనులు, చెల్పూరులో 500, 600 మెగావాట్ల యూనిట్లతో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఆ పట్టణపు బతుకును నడుపుతున్నాయి. గని కార్మికుడి ఇంట్లో ఉద్యోగం అంటే చాలాకాలం నాన్న కొలువు కొడుక్కు రావడమే. అందుకే అక్కడ డిగ్రీ చదువు ఆ కొలువు వచ్చేదాకా కాలం గడిపే చోటుగా మిగిలింది. గనుల్లో యంత్రాలు పెరిగి, శ్రామికుల సంఖ్య తగ్గాక ఆ దారి ఇరుకైంది. ఇంకో తలుపు మాత్రం తెరుచుకుంది. 2019 జనవరిలో కేంద్రం గనుల చట్టం కింద ఇచ్చిన మినహాయింపుతో సాంకేతిక, పర్యవేక్షక, నిర్వహణ పనుల్లో మహిళలు పగటివేళ భూగర్భంలోకి దిగడానికి, ఓపెన్‌కాస్టులో రాత్రి కూడా పనిచేయడానికి వీలు కలిగింది. ఈ సంగతి భూపాలపల్లి డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం చదివే అమ్మాయికి ఎవరు చెప్పాలి? బొగ్గు నమూనాలో తేమ, బూడిద శాతం కొలవడం డిగ్రీ ల్యాబ్‌లో నేర్పగల పని. ఊరి నడుమ ఉన్న పరిశ్రమ సిలబస్‌లో కనిపించకపోవడం నాకు బాధ కలిగించే విషయం.

మహబూబాబాద్‌ది ఎదురుచూపు కథ. 2014 పునర్విభజన చట్టం అప్పటి ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యాసాధ్యాలను ఆరు నెలల్లో పరిశీలించమంది. బయ్యారం ఇనుపఖనిజం మీద పెట్టుకున్న ఆశ అది. బయ్యారం ఇప్పుడు ఈ జిల్లాలో ఉంది, కర్మాగారం రాలేదు. వచ్చింది వైద్య కళాశాల. 2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామ, భూపాలపల్లిలో ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరిచారు. ఎంబీబీఎస్ సీట్లు నీట్ ర్యాంకుకు పోతాయి. వాటి అనుబంధ ఆసుపత్రులకు రోజూ కావాల్సిన ప్రయోగశాల, రికార్డుల, డేటా పనులకు పక్కనే ఉన్న బీఎస్సీ విద్యార్థులను సిద్ధం చేసే ఒప్పందం ఒక ప్రిన్సిపాల్ చొరవతో మొదలు కాగలదు. జనగామ పక్కనే పెంబర్తి ఇత్తడి, కంచు పనివాళ్లున్నారు. వాణిజ్యశాస్త్రం చదివే పిల్లలకు ఖర్చు లెక్క, ఆన్‌లైన్ అమ్మకం నేర్పడానికి అంతకంటే దగ్గరి పాఠం దొరకదు. కళాశాల విద్య కమిషనరేట్ నడిపే 'జిజ్ఞాస' విద్యార్థి ప్రాజెక్టులకు ఇవే అంశాలు కావాలి. ఊరిని చూసి, అడిగి, లెక్కగట్టి, రాసి, నలుగురి ముందు చెప్పిన విద్యార్థికి ఉద్యోగ నైపుణ్యం అప్పుడే సగం వచ్చేసింది.

ఇక ఈ మూడు జిల్లాల యువత ఎక్కువగా కలలుగనే ప్రభుత్వ కొలువు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వు రాష్ట్రాన్ని ఏడు జోన్లు చేసి, ఆ పరిధి పోస్టుల్లో 95 శాతం స్థానికులకు కేటాయించింది. భూపాలపల్లి కాళేశ్వరం జోన్‌లో ఉంది. మహబూబాబాద్ భద్రాద్రి జోన్. జనగామ యాదాద్రి జోన్. జోన్లను కలిపి చేసిన మల్టీజోన్ల దగ్గర మొదటి రెండూ ఒక వైపు, జనగామ మరో వైపు. ఒకే ఉమ్మడి జిల్లా బిడ్డలు, ఒకే విశ్వవిద్యాలయ పట్టా, హనుమకొండలో ఒకే హాస్టల్ గది పంచుకున్నవాళ్లు మూడు వేర్వేరు పోటీల్లో నిలబడతారు. అందరికీ ఒకే కెరీర్ గైడెన్స్ ఉపన్యాసం ఇచ్చి పంపేయడం ఇక్కడ సరిపోదు.

స్థానికతను తేల్చేది ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివావన్నది. అమ్మానాన్నలతో వలసపోయి హైదరాబాద్ శివారు బడిలో నాలుగైదేళ్లు చదివిన తండా పిల్లకు తను ఏ జిల్లా లెక్కలోకి వస్తుందో నోటిఫికేషన్ పడ్డాక, గడువుకు వారం ముందు తెలుస్తుంది. అప్పుడు మూతపడ్డ బడి రిజిస్టరు కోసం తిరుగుతుంది. డిగ్రీలో చేరిన మొదటి నెలలోనే అధ్యాపకుడు ఆమెను కూర్చోబెట్టి, ఏ ఏడు ఏ బడిలో చదివిందో రాయించి, బోనఫైడ్‌లు తెప్పిస్తే, ఆ తిరుగుడుకు చివరి ఏడు పోదు. ఆ కాగితం రాయిస్తున్నప్పుడే ఇంట్లో ఏ భాష మాట్లాడతారో, ఏ నెలల్లో చేనుకు పోతారో, ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికో అడిగి పక్కన రాసుకోవచ్చు.