మోకాళ్ళ మిట్ట: నడిచినవారు పెట్టిన పేరు

అలిపిరి మెట్లదారిలో కొండ దాదాపు ఎక్కేశామనుకొనే వేళకు మోకాళ్ళ మిట్ట ఎదురవుతుంది. ఈ పేరుకు రెండు వివరణలు వినిపిస్తాయి. పవిత్రమైన ఆ కొండను పాదాలతో తొక్కడానికి మనస్సు ఒప్పక రామానుజాచార్యులవారు మోకాళ్ళతో ఎక్కారనేది మొదటిది. అక్కడ మెట్లు నిలువుగా లేచి, ఎంతటివాడికైనా మోకాళ్ళు పట్టు తప్పుతాయి కనుక ఆ పేరు వచ్చిందనేది రెండవది. మొదటిది భక్తి చెప్పిన మాట, రెండవది ఒళ్ళు చెప్పిన మాట. జీవితమంతా పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పినవాడిని. వ్యుత్పత్తులను వెదకడం నాకు అలవాటు. మొదటిదాన్ని నేను కాదనను, రెండవదాన్ని వదులుకోను. నా మోకాళ్ళు ముదిరినకొద్దీ రెండవదానిపై నమ్మకం మరింత పెరుగుతున్నది!

ఆ దారి పొడవునా ఇటువంటి పేర్లే. అలిపిరి దగ్గర తలయేరుగుండు ఉన్నది. ఆ గుండుకు తల, మోకాళ్ళు ఆనించి మొక్కితే నొప్పులు రావని యాత్రికుల నమ్మిక. అలా ఆనించగా పడ్డ గుంటలని చూపిస్తారు కూడ. సుమారు రెండువేల మెట్లెక్కాక గాలిగోపురం. మన దేవాలయాలలోని ఎత్తైన గోపురాలన్నిటికీ వాడే మాటే అది. అయినా చెమటతో తడిసి అక్కడికి చేరినవానికి మాత్రం ఆ పేరు అక్షరాలా అనుభవమే. దానిని దాటాక చాలాదూరం చదునుదారి. ఆపైన అవ్వాచారి కోన, మోకాళ్ళ మిట్ట. ఈ పేర్లను పెట్టినది రాజులు కారు, అధికారులు కారు. నడిచినవారు పెట్టారు. ఎక్కడ ఒళ్ళు అలసిందో, ఎక్కడ ఊపిరి తిరిగిందో, అక్కడొక పేరు నాటి పోయారు.

ఇప్పుడు నగరనిర్మాణాన్ని చదివేవారు చేస్తున్న పని కూడ ఒకవిధంగా ఇదే. కట్టినవాడు ఏమనుకొని కట్టాడని కాక, దానిలో మసలేవాడికి ఎలా ఉన్నదని అడగడం. కెవిన్ లించ్ అనే అమెరికా పండితుడు బోస్టన్, జెర్సీ సిటీ, లాస్ ఏంజెలెస్ నగరాలలో నివాసులను కూర్చోబెట్టి, వారి ఊరి పటాన్ని జ్ఞాపకం మీద గీయించి, 1960లో ఒక గ్రంథం ప్రచురించాడు. మనుషుల మనస్సులో ఊరు అయిదు విధాలైన గుర్తులతో నిలుస్తుందని అతడు తేల్చాడు: దారులు, అంచులు, పేటలు, కూడళ్ళు, ఆనవాళ్ళు. తిరుపతివాసికి ఈ సిద్ధాంతం కొత్తగా తోచదు. ఊళ్ళో ఎక్కడ నిలబడినా కనిపించే కొండ మనకు ఆనవాలు. ఊరిని చీల్చుకొని పోయే రైలుకట్ట అంచు. లీలామహల్, నాలుగుకాళ్ళ మండపం కూడళ్ళు. తీర్థకట్ట వీధి, బండ్ల వీధి, మంచినీళ్ళ గుంట, తాతయ్యగుంట అన్న పేర్లు చదివితే చాలు, ఒకనాటి ఊరి పటం కళ్ళముందు పరచుకుంటుంది. బండ్లు ఆగినచోటు, నీళ్ళు దొరికినచోటు, స్నానానికి దిగినచోటు ఆ పేర్లలో ఉన్నాయి.

పేరులోనే కాక రాతిలో కూడ ఈ ఎరుక కనబడుతుంది. మన దక్షిణదేశపు పాత బాటలపక్కన రెండు నిలువురాళ్ళు పాతి, వాటిమీద అడ్డంగా ఒక బండ పరచి ఉండటం మీలో కొందరైనా చూసి ఉంటారు. తమిళులు దానిని సుమైతాంగి అంటారు, అంటే బరువును మోసేది. నెత్తిన మూటతో వచ్చేవారు ఎవరి సాయమూ లేకుండా మూటను దానిమీదికి జరిపి, ఊపిరి పీల్చుకొని, మళ్ళీ నెత్తికెత్తుకొని పోవచ్చును. ఆ బండ ఎత్తును గమనించండి. నిలబడ్డ మనిషి తలకు, భుజాలకు అందేటంత ఎత్తు. నేలమీద దించిన మూటను ఒంటరిగా ఎత్తుకోవడం ఎంత కష్టమో తెలిసినవాడే దానిని ఆ కొలతకు నిలిపాడు. ఒంటరిగా వచ్చే ముసలమ్మను, నిండుచూలాలిని, కూలివాడిని వేరువేరుగా లెక్కించి వారికి మూడు ఏర్పాట్లు చేయలేదు. ఒకే రాయి అందరికీ పనికివచ్చింది. అందరికీ ఉపకరించే కట్టడమంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను మొదట ఆ రాయినే చూపుతాను.

ఇళ్ళముందరి తిన్నెలదీ అదే కథ. గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉండే వీధులలో ఒకప్పుడు తిన్నెలేని ఇల్లు అరుదు. తిన్నె ఇంటివారిదే అయినా దారినపోయేవాడు కూర్చుంటే ఎవరూ లేపేవారు కారు. యాత్రికుల ఊరికి అది అలిఖిత ధర్మం. వీధులు వెడల్పయ్యాయి, తిన్నెలు పోయాయి, వాటి స్థానంలో అంగళ్ళు వెలిశాయి. ఇప్పుడు ఆ వీధుల్లో కూర్చోవాలంటే కాఫీ తాగాలి. డబ్బివ్వకుండా కూర్చునే చోటు కరవైన వీధిలో ముసలివాళ్ళు నడవడం మానేస్తారు. వారు మానేశారని ఎవరికీ తెలియదు, ఎందుకంటే వారు ఇక కనిపించరు.

ఇంతవరకు రాసింది చదివి, పూర్వకాలమంతా దయామయమని నేను అంటున్నానని అనుకోకండి. సాళువ నరసింహుడు 15వ శతాబ్దంలో తిరుమలలోను, తిరుపతిలోను రామానుజకూటాలను నెలకొల్పి యాత్రికులకు అన్నం పెట్టించాడు. కాని ఆ పంక్తి శ్రీవైష్ణవులది. చంద్రగిరి నుంచి వచ్చే రాజులు శ్రీనివాస మంగాపురం దగ్గరి శ్రీవారి మెట్టు దారిన కొండెక్కేవారని ప్రతీతి. ఆ దారిలో 2,388 మెట్లు. అలిపిరి దారిలో సుమారు 3,550. కాళ్ళు లేనివాడు, ముదిమి పైబడ్డవాడు డోలీలో పోయేవాడు. డోలీ ఎక్కినవాని మోకాళ్ళ నొప్పి తప్పింది, మోసినవాని భుజాల నొప్పిగా మారింది. డోలీకి ఇచ్చుకోలేనివాడు కింద నిలబడి కొండకు దండం పెట్టుకొని పోవలసినదే.

అన్నిటికంటె కఠినమైన మెట్టు రాతితో కట్టినది కాదు. దళితులకు గుడి వాకిలి మూసిన కాలమది. మద్రాసు రాష్ట్రంలో 1939లో వచ్చిన చట్టం, ఆలయాధికారులు వారిని రానివ్వదలచుకుంటే అందుకు రక్షణ కల్పించింది. 1947లో వచ్చిన ఆలయప్రవేశ చట్టం ఆ ప్రవేశాన్ని హక్కుగా చేసింది. చిత్తూరు జిల్లా అప్పుడు ఆ రాష్ట్రంలోనిదే. మోకాళ్ళకోసం మెట్టు ఎత్తు తగ్గించవచ్చును. పుట్టుకను చూసి మూసిన తలుపుకు ఏ శిల్పి దారి చెక్కగలడు? చట్టమే చెక్కవలసి వచ్చింది. కనుక చేరువ కావడంలో రెండు భాగాలున్నాయి. ఒకటి రాయిది, రెండవది మనస్సుది. పూర్వులు మొదటిదానిలో ఎంత సూక్ష్మదృష్టి చూపారో రెండవదానిలో అంత గుడ్డితనం చూపారు. నడిచేవారిని వారు బాగా గమనించారు. అయితే నడవనిచ్చినవారిని మాత్రమే గమనించారు.

1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరుచుకోవడం ఈ చరిత్రలో పెద్ద మలుపు. కొండకు చక్రం ఎక్కింది. తరతరాలుగా కింద నిలబడి దండం పెట్టినవారు పైకి పోగలిగారు. 1970లలో రెండవ దారి కూడ వచ్చి, ఎక్కడానికి ఒకటి, దిగడానికి ఒకటి అయ్యాయి. మోకాళ్ళ నొప్పులవారు, పక్షవాతం వచ్చినవారు, చంటిబిడ్డల తల్లులు స్వామిని చూడగలగడం ఆ దారుల పుణ్యమే. ఇంతటి మేలును ఏ కవీ ప్రబంధంగా రాయలేదని నాకొక చిన్న వెలితి.

అయితే చక్రం వచ్చాక ఊరు తన చూపును పాదం మీదినుంచి చక్రం మీదికి మరల్చుకుంది. ఇది తిరుపతికే కాదు, ఇటు చిత్తూరుకు, మీ మీ ఊళ్ళకు కూడ వర్తించే మాటే. తిరుచానూరు వైపునుంచి కపిలతీర్థం దిక్కుగా సాగే శ్రీనివాస సేతువు 2023లో పూర్తయింది. కొండకు పోయే వాహనాలు ఊరి రద్దీని అంటకుండా పైనుంచి పోతున్నాయి. మంచిదే. కాని కింద రోడ్డు దాటే మనిషి పరిస్థితి ఏమిటని కిందనే నిలబడి చూడాలి.

ఆ చూపు నాకు నేర్పినవాడు నా పూర్వవిద్యార్థి ఒకడు. నడివయస్సులో చూపు పోయింది. ఒకనాటి ఉదయం అతనితో కలిసి గోవిందరాజస్వామి గుడి దగ్గరినుంచి బస్టాండు దిక్కుగా నడిచాను. చేయి పట్టుకుంటానంటే వద్దన్నాడు.

"అయ్యవారూ, గుడి దగ్గర నాకేం ఇబ్బంది లేదు. పూలవాసన, కర్పూరం, గంట, కోనేటి గాలి, అన్నీ దారి చెప్తాయి. ఇంక ముందుకు పోతేనే కష్టం. అక్కడ హారన్ తప్ప ఇంకేం వినపడదు."

కాలువమీద పరచిన బండలమీద కర్ర ఆనించుకుంటూ నడిచాడు. ఒకచోట బండ లేదు. అతడు ఆగి, కర్రతో అవతలి అంచును వెదికి, దాటాడు. "ఇది రెండు నెలలుగా ఇట్లే ఉంది," అన్నాడు. ఇంకొకచోట కాలిబాట గట్టు మోకాలెత్తున లేచింది. అతడు సులువుగా ఎక్కాడు. నేను స్తంభం పట్టుకొని ఎక్కాను. అతడు నవ్వి, "మోకాళ్ళ మిట్ట కొండమీదే ఉందనుకున్నారా అయ్యవారూ?" అన్నాడు.

ఆ మాట నన్ను వదలలేదు. ఏళ్ళ తరబడి నేను తిరిగిన వీధే అది. ఆ గట్టును నేనెన్నడూ చూడలేదు. చూపున్నవాడిని, అప్పట్లో కాలున్నవాడిని కనుక చూడనక్కరలేకపోయింది.

చట్టం లేక కాదు. 1995లో ఒకటి వచ్చింది. ఐక్యరాజ్యసమితి ఒడంబడికను మన దేశం 2007లో అంగీకరించింది. దానికనుగుణంగా 2016లో మరింత విస్తృతమైన చట్టం వచ్చింది. నియమాలను పాటించని భవనానికి అనుమతి ఇవ్వరాదనీ, ఉన్న ప్రజాభవనాలను అయిదేళ్ళలో అందరికీ అందుబాటులోకి తేవాలనీ అది చెప్పింది. నియమాలు 2017లో వెలువడ్డాయి. ఆ అయిదేళ్ళు ఎప్పుడో నిండాయి. చివరకు 2024 నవంబరులో సుప్రీంకోర్టు, ఆ నియమాలలో ఒకటి సూచనల స్థాయిలోనే ఉండిపోయిందనీ, చట్టం ఆశించినది తప్పనిసరి ప్రమాణాలనీ తీర్పు చెప్పి, వాటిని రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. వ్యాకరణంలో నిత్యం, వైకల్పికం అని పాఠం చెప్పినవాడిని. సంధి వైకల్పికమైతే భాషకు అందం. మనిషి నడిచే దారి వైకల్పికమైతే అది దారి కాదు.

ఇదంతా ఒకరిద్దరి సౌకర్యానికి సంబంధించిన సంగతి కాదనడానికి మన ఊరిలోనే దుఃఖకరమైన నిదర్శనం ఉన్నది. 2025 జనవరి 8 రాత్రి, వైకుంఠ ఏకాదశి దర్శన టోకెన్లకోసం తిరుపతిలో వేచి ఉన్న జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు మరణించారు. బైరాగిపట్టెడ దగ్గర, అస్వస్థురాలైన ఒక మహిళకోసం గేటు తెరవగా, టోకెన్లకే తెరిచారనుకొని జనం తోసుకువచ్చారని వార్తలలో వచ్చింది. తప్పెవరిదో నిర్ణయించడం నా పని కాదు. ఒక్క మాట మాత్రం చెప్పగలను. ఒంట్లో బాగాలేని మనిషి బయటికి రావడానికి వేరే దారి ఉండటం దయ కాదు, అది అందరి ప్రాణానికీ రక్ష. గంటలకొద్దీ నిలబడే జనంలో ఎవరు కూలబడతారు, ఎవరు మరుగుకు పోవాలి, ఏ తల్లి బిడ్డకు పాలివ్వాలి అని ముందే అడిగి కట్టిన ఆవరణ వేరుగా ఉంటుంది. సుమైతాంగిని నిలిపినవాడు ఆ ప్రశ్న అడిగాడు.

వృద్ధులకు, దివ్యాంగులకు తిరుమలలో ప్రత్యేక ప్రవేశం ఉన్నది. అది కావలసినదే. అయినా ఒకే ఒక్క గుమ్మం దగ్గర దొరికే గౌరవంతో ఊరంతా నడవలేము. ఇంటి గడపనుంచి ఆ గుమ్మందాకా ఉన్న ప్రతి గట్టూ, ప్రతి కాలువబండా లెక్కలోకి రావాలి. అందుకు పెద్ద యంత్రాలు అక్కరలేదు. కట్టబోయేవారు ముందుగా ఒక పూట నా శిష్యునితో నడవాలి, గంపతో వచ్చే పూలమ్మితో నడవాలి, కర్ర చేతబట్టిన నావంటివానితో నడవాలి. వారు ఎక్కడ ఆగుతారో అక్కడ గుర్తు పెట్టుకోవాలి. వెనుకటివారు అక్కడ పేరు పెట్టి ఊరుకున్నారు. మనం పేరు పెట్టడంతో ఆగకుండా రాయిని సరిచేయవచ్చును.

ఆ లేని బండ చోటుకు నా శిష్యుడు ఒక పేరు పెట్టుకున్నాడట. ఏమిటని అడిగితే చెప్పలేదు; అయ్యవారి ముందు పలికే పేరు కాదన్నాడు!

సహృదయులైన చదువరులకు ఒక విన్నపం. మీ ఊరిలో నడిచినవారి అలసటనో, భయాన్నో, సేదదీరడాన్నో చెప్పే చోటి పేర్లు ఉండే ఉంటాయి. ఎక్కుడు, దిగుడు, మిట్ట, మలుపు, మాను, తిన్నె ఏదైనా సరే. తెలియజేస్తే కృతజ్ఞుణ్ణి. పేర్లు మాసిపోకముందే కూడబెట్టుకుందాం.