అస్సాం రైఫిల్స్

భారత–మయన్మార్ కొండ సరిహద్దుకు కాపలా కాసే కేంద్ర పారామిలటరీ దళం. దేశంలోని ఇటువంటి దళాలన్నిటిలో పాతది. ప్రధాన కార్యాలయం షిల్లాంగ్. పాలన హోం శాఖది, రంగంలో ఆజ్ఞ సైన్యానిది.

1835లో సుమారు 750 మందితో కచార్ లెవీగా మొదలైంది. అస్సాం మైదానపు ఊళ్లనూ, తరవాత పెరిగిన తేయాకు తోటలనూ కొండ తెగల దాడుల నుంచి కాపాడడం దీని పని. 1883లో ఫ్రాంటియర్ పోలీసు, 1891లో మిలిటరీ పోలీసు అయి, 1917లో నేటి పేరు పొందింది. 1917–19 కుకీ తిరుగుబాటు అణచివేతలో పాల్గొంది.

తెలుగువారికి ఈ దళం ఎదురుపడింది విశాఖ, గోదావరి మన్యంలో. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై పడి అల్లూరి సీతారామరాజు దళం తుపాకులు పట్టుకుపోయింది. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు హతమయ్యారు. మలబార్ స్పెషల్ పోలీసును దింపినా పోరు ఆగలేదు. అడవి దారులు, వాగులు, గుట్టల మాటు మన్యం వాసులకు తెలిసినట్లు పైవారికి తెలియవు. పైగా మన్యపు జ్వరం. చివరకు 1924లో కొండల్లో గస్తీ తిరగడమే వృత్తిగా గల అస్సాం రైఫిల్స్‌ను ఇంతదూరం రప్పించవలసి వచ్చింది. ముత్తాదారులనే కొండ పెద్దలు, గిరిజనులు నిలిపిన ఆ పోరాటపు బలానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు. ఏప్రిల్‌లో స్పెషల్ కమిషనర్‌గా వచ్చిన రూథర్‌ఫర్డ్ ఊళ్లపై ఒత్తిడి బిగించాడు. మే 7న మంప దగ్గర రాజును పట్టుకున్నది మాత్రం అస్సాం రైఫిల్స్ కాదు, ఈస్ట్ కోస్ట్ స్పెషల్ పోలీసు. ఆయనను కొయ్యూరుకు తెచ్చి, విచారణ లేకుండానే మేజర్ గుడాల్ కాల్చి చంపించాడు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. రాజు ముఖ్య అనుచరుడు గాం గంటందొర జూన్‌లో నేలకొరిగాడు. అంతకుముందే పట్టుబడి అండమాన్ జైలుకు వెళ్లిన ఆయన తమ్ముడు మల్లుదొర 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

1942లో రంగూన్ జపాన్ వశమైనప్పుడు అక్కడి రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ పనిచేసే తెలుగు కూలీలు ఎందరో కాలినడకన కొండలు దాటి మణిపూర్ వైపు వచ్చారు. ఆ శరణార్థుల రాకను ఒక దారిన పెట్టే బాధ్యత ఇదే దళంపై పడింది. 1944 కోహిమా యుద్ధంలో దీని 3వ బెటాలియన్ ధైర్యంగా పోరాడింది.

1959 మార్చి 31న దలైలామా సరిహద్దు దాటి భారతదేశంలోకి వచ్చినప్పుడు రక్షణగా నడిచినవారు ఈ దళపు జవాన్లే. వారిలో ఒకరైన నరేన్ చంద్ర దాస్‌ను 2017లో గౌహతిలో చూసి దలైలామా ఆలింగనం చేసుకున్నారు. ఆనాటి జవానుకు వయసు మీదపడిందంటే తానూ ముసలివాణ్ణయ్యానని తెలుస్తోందని అన్నారు.

సాయుధ దళాల ప్రత్యేక అధికారాల చట్టం కింద ఈ దళం జరిపిన కార్యకలాపాలపై తీవ్రమైన ఆరోపణలున్నాయి. 2004 జూలైలో ఈ దళం అదుపులోకి తీసుకున్న మణిపురి మహిళ తంగ్జం మనోరమ శవమై దొరికింది. దానికి నిరసనగా జూలై 15న పన్నెండు మంది మణిపురి తల్లులు ఇంఫాల్ కాంగ్లా కోట ద్వారం ముందు వివస్త్రలై నిలబడ్డారు. ఆ కోటలో అప్పటికి అస్సాం రైఫిల్సే ఉండేది. నవంబరు 20న కోటను రాష్ట్ర ప్రభుత్వానికి అప్పగించారు.

2002 నుంచి 1,643 కిలోమీటర్ల మయన్మార్ సరిహద్దు దీని బాధ్యతే. బెటాలియన్లు 46.