పడవలో చేరిన నీరు

2024 సెప్టెంబరు 1న వరదకి కొట్టుకొచ్చిన ఇనుప పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్లని గుద్దుకున్నాయి. గవర్నర్‌పేటలో మేమంతా వింటున్నది ఒకటే లెక్క: 11.4 లక్షల క్యూసెక్కులు. రెండో లెక్క వరద తీశాకే తెలిసింది. పడవల్లోకి చేరిన నీరు, ఇసుక. ఘనమీటరు నీరంటే టన్ను మరి! క్రేన్లు లాగినా కదల్లేదు. మనుషులు నదిలో మునిగి ఇనుము కోయాల్సొచ్చింది, రోజుల తరబడి.

లోపలి నీరు కుదురుగానూ ఉండదు. పడవ ఎటు ఒరిగితే అటే పరిగెత్తి ఇంకాస్త ఒరగేస్తుంది.

1855లో ఆనకట్ట పూర్తయ్యాక మన కాలువల మీద సరుకంతా చెక్క పడవల్లోనే నడిచింది. తర్వాత నది అవతల కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువల మీదుగా మద్రాసు దాకా దారి పడింది. చెక్క పడవన్నాక కారుతుంది. ఆ నీటిని ఎవరో ఒకరు కూర్చుని తోడిపోయాలి. కాటన్ పేరు, ఓర్ పేరు చదువుకున్నాం. తోడిన మనిషి పేరు నాకెక్కడా తగల్లేదు.

ఇప్పుడా పని బిల్జి పంపుది. అడుగున నీరు పెరిగితే తేలే మీట లేచి స్విచ్ పడుతుంది. చెత్త అడ్డుపడ్డా, బ్యాటరీ అయిపోయినా అంతే సంగతులు. ఒడ్డున కట్టేసి వదిలేసిన పడవలో, వానరాత్రి, అది చూసేందుకు ఎవరూ ఉండరు.