లైను, సాలు, వరస

కోలారు గోల్డ్ ఫీల్డ్స్ వాళ్ళని "మీ ఇల్లు ఎక్కడ?" అని అడగండి. వీధి పేరు చెప్పరు, ఏ గని, ఏ లైను అని చెప్తారు. బయట పుట్టి పెరిగిన మన పిల్లలకి ఇది వింతగా ఉంటుంది. వాళ్ళకి లైను అంటే ఫోన్ లైను, లేకపోతే టికెట్ కోసం నిలబడే లైను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే మాకైతే కోడులో ఒక లైను. ఎర్రర్ ఏ లైను నంబరు దగ్గర వచ్చిందో రాసి పంపడం మా రోజువారీ పని. మాట ఒకటే. కేజీఎఫ్‌లో ఆ మాట ఎన్ని అర్థాలు మోసిందో చూస్తే మన వాళ్ళ కథ చాలావరకు అందులోనే దొరుకుతుంది.

ఈ మాట పుట్టుక లాటిన్‌లో ఉంది. అక్కడ లీనియా అంటే అవిసె నారతో చేసిన దారం. దారం బిగించి పట్టుకుంటే తిన్నని గీత వస్తుంది. గీత నుంచి వరుస, వరుస నుంచి హద్దు, అట్లా అర్థాలు పెరుగుతూ పోయినాయి.

మన దగ్గరికి మొదట వచ్చింది రైలు లైను. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ వచ్చినాక గనులు పెద్దవయినాయి. ఇప్పుడు బంగారపేట అనే అప్పటి బౌరింగ్‌పేట నుంచి గనులకి 1894లో రైలు పడింది. తర్వాత కరెంటు లైను. 1902లో కావేరి మీది శివనసముద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్లు తీగలు లాగి గనులకి కరెంటు తెచ్చినారు. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది 1905లో. అంటే రాజధాని కంటే ముందు గనికి వచ్చింది. అయితే అది వచ్చింది మొదట యంత్రాల కోసం, మన గుడిసెల కోసం కాదు.

మూడోది మనుషులు ఉండే లైను. గని పనికి అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి జనం వచ్చినారు, తమిళులూ తెలుగువాళ్ళూ. చిత్తూరు 1911 దాకా ఆ జిల్లాలోనే ఉండింది. వాళ్ళకి కంపెనీ వెదురు తడికెల గుడిసెలు వరుసగా వేసి ఇచ్చింది. సిలోన్ తేయాకు తోటల్లో కూలీల గదులకి కూడా లైన్లనే పేరు. దొరలు ఉండేది బంగళాల్లో, పనివాళ్ళు ఉండేది లైన్లలో. పటం గీసినవాడికి అది ఒక గీత, అంతే.

మేము చదివింది కన్నడ మీడియంలో. బడిలో లైనుకి సాలు అని నేర్చుకున్నాము. ఇంట్లో మా జేజికి సాలు అంటే నాగటి సాలే. గని లైనుని మాత్రం ఆమె వరస అనేది. తెలుగులో ఈ మాటకి రెండు అర్థాలు ఉన్నాయి. ఇళ్ళు వరసగా ఉంటాయి. మనుషులకి వరసలు ఉంటాయి. "నువ్వు నాకు ఏ వరస అవుతావురా?" అని కదా అడుగుతాము. పక్కింటి తమిళావిడ మా నాయనకి అత్త అయింది, ఎదురింటి ఆయన మామ అయినాడు. అన్ని వరసలూ కలిసినాయని అనము. కులం చూసేవాళ్ళు లైనులోనూ చూసినారు. అయినా రాత్రి షిఫ్టుకి పోయిన మనిషి తెల్లారి పైకి రాకపోతే లైనంతా మేలుకునేది. కంపెనీ గీసిన గీతని బంధుత్వంగా మార్చుకున్నది మన వాళ్ళే.

1956లో రాష్ట్రాల హద్దులు మళ్ళీ గీసినారు. అదీ ఒక లైనే. కోలారు మైసూరు రాష్ట్రంలో ఉండిపోయింది, ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు పల్లెల్లో తెలుగు నిలిచిపోయింది.

2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. జీతం పోయింది, లైన్లు ఉండిపోయినాయి. గని కోసం వేసిన రైలు లైను మీదే ఇప్పుడు వేలమంది పొద్దున్నే బెంగళూరుకి పనికి పోయి రాత్రికి తిరిగి వస్తున్నారు. పదిమంది పుట్టి పెరిగిన ఇంటికి పట్టా అడిగితే అది కంపెనీ క్వార్టర్సు కదా అనే జవాబు విన్న కుటుంబాలు ఉన్నాయి. కాగితం మీద లైను అంటే ఇంకా ఇళ్ళ వరుసే, వాళ్ళకి మాత్రం అది సొంత ఊరు.

అందుకే చదివేవాళ్ళకి ఒక మాట. మీ ఇంట్లో గనిలో పనిచేసిన పెద్దవాళ్ళు ఉంటే, ఏ లైనులో ఉండినారో, పక్కన ఎవరు ఉండినారో, వాళ్ళని ఏ వరసతో పిలిచినారో అడిగి రాసి పెట్టండి. లైను పేరు పాత పటాల్లో దొరకొచ్చు. వరసలు మాత్రం వాళ్ళ నోట్లోనే ఉన్నాయి.