సంచిలో వాషింగ్టన్ చేరిన థైలసీన్ పిల్లలు

టాస్మేనియా పులి అని పేరుపడ్డ థైలసీన్ నిజానికి పులీ కాదు, తోడేలూ కాదు. వీపు మీద చారలున్నా, ముఖం కుక్కను పోలినా, అది కంగారూలా పిల్లల్ని పొట్టసంచిలో సాకే వేటజంతువు. తెలిసినంతలో చివరిది 1936 సెప్టెంబరు 7న టాస్మేనియాలోని హోబర్ట్ జూలో చనిపోయింది.

1902లో వాషింగ్టన్‌లోని నేషనల్ జూకు ఒక ఆడ థైలసీన్ వచ్చింది. అధికారులు తెప్పించుకున్నది ఒక్క జంతువునే అయినా దిగినవి నాలుగు. తల్లి సంచిలో మూడు పిల్లలున్నాయి! వాటిలో ఒకటి త్వరలోనే చనిపోగా, తక్కినవి జూలోనే పెరిగాయి. ఒక మగపిల్ల 1905 దాకా బతికింది. దాని చర్మాన్ని స్మిత్‌సోనియన్ మ్యూజియం భద్రపరిచింది. 2009లో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్తల బృందం ఆ చర్మం మీది వెంట్రుకల నుంచే మైటోకాండ్రియా డీఎన్ఏ క్రమాన్ని చదవగలిగింది.

తల్లి సంచి నోరు వెనక్కి తెరుచుకునేది. లోపల నాలుగు చనుమొనలు ఉండేవి కాబట్టి ఒక ఈతలో అంతకు మించి పిల్లలు బతికే వీల్లేదు. మగదానికీ ఒక చిన్న సంచి ఉండేది. అది పిల్లల కోసం కాదు, వృషణాల రక్షణకు.

పుట్టగానే పిల్ల ఒంటి మీద వెంట్రుక ఉండేది కాదు, కళ్లు తెరిచేది కాదు. ముందుకాళ్ల బలంతో పాకి చనుమొన పట్టుకోవడమే దాని తొలి పని. మ్యూజియాల్లో థైలసీన్ పిల్లలుగా దాచిన 13 నమూనాలను మెల్‌బోర్న్ శాస్త్రవేత్తలు స్కాన్ చేసి, 2018లో ఫలితాలు ప్రకటించారు. వాటిలో రెండు అసలు థైలసీన్లే కావని తేలింది. మిగతావి చెప్పిన సంగతి ఆసక్తికరం: మొదట్లో ఏ సంచిజీవి పిల్లలానో కనిపించే ఈ కూన, సంచి విడిచే నాటికి వెనక కాళ్లు పొడవు సాగి కుక్కపిల్ల రూపుకొచ్చేది. ఆ తర్వాత తల్లి వేటకు వెళ్లినప్పుడు పొదలోనో గుహలోనో ఉండిపోయేది.

బోనులో ఇవి ఈనడం మాత్రం మెల్‌బోర్న్ జూలో 1899లో ఒక్కసారే జరిగింది. జూలు జంతువుల్ని కొని చూపించడం మీద పెట్టిన శ్రద్ధ జత కట్టించడం మీద పెట్టలేదు. ఇటు టాస్మేనియా ప్రభుత్వం 1888 నుంచి 1909 వరకు చంపిన పెద్ద థైలసీన్‌కు ఒక పౌను, పిల్లకు పది షిల్లింగులు బహుమతిగా ఇచ్చింది.

డాలస్‌లోని కొలోసల్ కంపెనీ థైలసీన్‌ను మళ్లీ పుట్టిస్తామని 2022లో ప్రకటించింది. సంచిజీవుల పిల్లలు బియ్యపు గింజంతే పుడతాయి కనుక, చిట్టెలుకంత ఉండే డన్నార్ట్ అనే జీవి గర్భంలో మోయించవచ్చని వారి ఆలోచన. అయితే కష్టం గర్భంతో తీరదు. నెలల తరబడి సంచిలో పాలిచ్చి పెంచడం ఆ చిన్న ప్రాణి వల్ల అయ్యే పని కాదు.