పేరొకటి, ఊరొకటి: ప్రకటనల విలాసములకు నియమమెట్లు వచ్చినది?

"పేరు గొప్ప, ఊరు దిబ్బ" అను సామెత మనకు చిరపరిచితమే. ఒక పేరు చూపి వేరొక ఊరికి కొనిపోవు మోసము ఇంటర్నెట్ ప్రకటనలలో కూడ సాధ్యము. దానిని అరికట్టుటకు పుట్టిన ఒక చిన్న నియమము చరిత్రను తెలిసికొందము.

కంప్యూటర్లు ఒకదానినొకటి అంకెలచే గుర్తించును. మనుష్యులకు అంకెలు గుర్తుండవు గదా! అందుచేత 1983లో పాల్ మొకపెట్రిస్ అను శాస్త్రజ్ఞుడు డొమైన్ పేర్ల పద్ధతిని రూపొందించెను. ఈ పేరును కుడి నుండి ఎడమకు చదువవలెను. "బ్యాంకు.ఎగ్జాంపుల్.కామ్" అనునది బ్యాంకువారిది కానక్కరలేదు, అది "ఎగ్జాంపుల్.కామ్" యజమానికి చెందినది. ఎడమవైపు మాటను ఆ యజమాని తన ఇష్టము వచ్చినట్లు పెట్టుకొనగలడు.

సెర్చ్ ఫలితములలో స్థానములను వేలము వేయు పద్ధతిని 1998లో గోటూ సంస్థ ప్రవేశపెట్టెను. 2000 అక్టోబరులో గూగుల్ సంస్థ యాడ్‌వర్డ్స్‌ను ఆరంభించెను. అందలి ప్రకటనకు చాలకాలము 25 అక్షరముల శీర్షిక, 35 అక్షరముల చొప్పున రెండు వరుసలు, వాటి క్రింద 35 అక్షరములకు మించని విలాసము ఉండెడివి. అసలు విలాసమో, లెక్కల గుర్తులతో చాల పొడవుగా నుండును. కావున ప్రకటనదారు రెండు విలాసములు వ్రాసి యిచ్చెడివాడు. ఒకటి కంటికి కనిపించునది. రెండవది నొక్కినప్పుడు నిజముగా చేర్చునది. చిక్కంతయు ఇక్కడనే యున్నది. శీర్షికలోని పొగడ్తను నమ్మని పాఠకుడు సైతము విలాసమును నమ్మును. ఆ నమ్మకముతోనే తన ధనమును, రహస్య సంకేతపదమును అప్పగించును.

వర్తకుల తరపున కమీషనుకు పనిచేయు మధ్యవర్తులు పెరిగినకొలది ఒకే విలాసముతో అనేక ప్రకటనలు కనబడసాగెను. 2005 జనవరిలో, ఒక్కొక్క వెదకులాటకు ఒక డొమైన్ పేరుతో ఒక ప్రకటనయే చూపబడునను నియమము వచ్చెను. చూపిన డొమైన్, చేరిన పేజీ డొమైన్ ఒక్కటే కావలెనను నియమము అంతకుముందే యున్నను, దానికి కొన్ని మినహాయింపులు ఉండెడివి. 2008 ఏప్రిల్ 1 నుండి అవి తొలగింపబడెను. నడుమ లెక్కల కొరకు వేరొక కంప్యూటరు గుండా పోయినను, తుదకు చేరినచోటే ప్రమాణము.

అయినను, వ్రాయువాడు మనుష్యుడైనంతవరకు తనిఖీ తప్పదు. 2016 జూలైలో వచ్చిన క్రొత్త ప్రకటన రూపములో డొమైన్‌ను వ్రాయు పని ప్రకటనదారునకు లేకుండ పోయెను. చివరి పేజీ విలాసము నుండి యంత్రమే దానిని గ్రహించును. ప్రకటనదారునకు మిగిలినవి దాని తరువాత 15 అక్షరముల చొప్పున రెండు గదులు మాత్రమే. ఈ విధముగా, శిక్షతో నిలిపిన నియమము యంత్రరచనలో ఇమిడిపోయినది.

ఐతే దీనికి హద్దు కలదు. ఆ రెండు గదులలోని మాటల పేరుగల పేజీ నిజముగా నుండనక్కరలేదు. అంతేగాక, రష్యను లిపిలోని "а", ఇంగ్లీషు "a" కంటికి ఒక్కటే, యంత్రమునకు వేరువేరు. ఇట్టి అక్షరములతో ప్రసిద్ధ నామములను అనుకరింపవచ్చునని 2002లోనే గాబ్రిలోవిచ్, గోంట్‌మాఖర్‌లు హెచ్చరించిరి.

నియమము "ఈ పేరుగల ఇంటికే పోవుచున్నావు" అని మాత్రమే చెప్పగలదు. ఆ ఇంటివాడు మంచివాడని చెప్పజాలదు. కావున ధనము చెల్లించుటకు ముందు విలాసములో మొదటి ఏటవాలు గీత వరకు గల పేరును కుడి నుండి ఎడమకు ఒకసారి చదువుట మన పని.